డాక్టరుకు పాఠం చెప్పిన కూలి తల్లి

పంట పోయిన ఏడు రైతు వడ్డీ వ్యాపారి గడప ఎక్కుతాడు. ఇంట్లో మనిషి మంచాన పడిన ఏడూ అదే గడప ఎక్కుతాడు. అందుచేత వైద్యం డాక్టర్ల గొడవ మాత్రమే కాదు, అది రైతాంగ సమస్య.

మహారాష్ట్రలో, ఇప్పుడు అహిల్యానగర్‌గా పేరు మారిన అహ్మద్‌నగర్ జిల్లాలో, జాంఖేడ్ అనే కరువు ప్రాంతం ఉంది. డాక్టర్ రజనీకాంత్ అరోలే, డాక్టర్ మేబెల్ అరోలే దంపతులు 1970లో అక్కడ గ్రామీణారోగ్య కార్యక్రమం ప్రారంభించారు. ఆ తర్వాత అనేక దేశాల డాక్టర్లు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు, అధికారులు అక్కడికొచ్చి కలిసి శిక్షణ పొందారు. వింతేమిటంటే, వారికి పాఠాలు చెప్పినవారిలో పల్లెటూరి ఆడవాళ్లున్నారు. వారిలో చాలామంది బడి మెట్లెక్కనివారు, దళితులు, కూలి చేసుకుని బతికినవారు.

ఇది ఊరికే జరగలేదు. మొదట ఊళ్లకు నర్సులను పంపి చూశారు. బయటినుంచి వచ్చిన నర్సు ఒంటరిగా పల్లెలో నిలవలేకపోయింది. అప్పుడు ఊరే తన మనిషిని ఎంచుకుంది. రైతులు సంఘాలుగా కూడారు. జబ్బుల్లో పెద్ద వాటా నీళ్లనుంచి, ఆకలినుంచి వస్తున్నదని డాక్టర్లకు తెలిసొచ్చింది. కరువు రోజుల్లో వేసిన బోర్లు దళితవాడల్లో పడేలా చూశారు. అగ్రకులాలవారూ బిందెలు పట్టుకుని అక్కడికే రావలసివచ్చింది. ఏ వైద్య కళాశాలలో దొరుకుతుంది ఈ పాఠం?

వాంతులు, విరేచనాలతో సొమ్మసిల్లిన పసిబిడ్డనే తీసుకోండి. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తల్లి పట్టాలి. ప్రమాదాన్ని కార్యకర్త గుర్తించాలి. సెలైను నర్సు ఎక్కించాలి. చికిత్స డాక్టరు నిర్ణయించాలి. బావిని పంచాయతీ బాగుచేయాలి. ఒక్కరు తప్పుకున్నా బిడ్డకు ముప్పే. కాని మన చదువుల్లో డాక్టరు ఒకచోట, నర్సు మరోచోట నేర్చుకుంటారు. చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరగా, దాసిగా కలుస్తారు! వివిధ వృత్తులవారు కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లో ఒకసారి, 2010లో మరోసారి చెప్పింది.

అంతకుముందే, 1978 సెప్టెంబరులో, ఆల్మా ఆటాలో 134 దేశాల ప్రతినిధులు ‘2000 నాటికి అందరికీ ఆరోగ్యం’ అన్నారు. ఏడాది తిరక్కుండానే, అంత పని ఖర్చుతో కూడుకున్నదనీ, ఎంపిక చేసిన కొన్ని జబ్బులు చూస్తే చాలనీ వాదన లేచింది. డబ్బిచ్చే సంస్థలకు ఆ వాదనే నచ్చింది. నీరు, తిండి, భూమి సంగతి పక్కకుపోయింది.

మన దేశంలో 2005లో గ్రామీణారోగ్య మిషన్‌తోపాటు ఆశా కార్యకర్తలు వచ్చారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని సత్కరించింది. సన్మానం సరే, జీతం మాటేమిటి? కేంద్రం లెక్కలో వారు నేటికీ కార్మికులు కారు, ‘స్వచ్ఛంద సేవకులు’! తెలుగు జిల్లాల్లోనూ వారు పదేపదే రోడ్డెక్కవలసి వస్తున్నది.

కనుక అంతర్జాతీయ శిక్షణ అనగానే మురిసిపోనక్కరలేదు, కొట్టిపారెయ్యనూ అక్కరలేదు. మూడు ప్రశ్నలడగాలి. చాప మీద డాక్టరు పక్కన ఎవరు కూర్చున్నారు? పాఠం ఎవరు చెప్పారు? తిరిగివెళ్లాక ఆ కార్యకర్తకు మందులు, జీతం, మాట చెల్లుబాటు ఉన్నాయా? మూడోదానికి జవాబు లేని శిక్షణ విత్తనమిచ్చి నీళ్లివ్వని సేద్యం వంటిది. ఆ నీళ్లు రావాలంటే ఆశా కార్యకర్త ధర్నాలో ఊరి రైతు కూడా కూర్చోవాలి.