సున్నపురాయి నుండి ఒక హెచ్చరిక

సున్నపురాయిని బట్టీలో కాల్చితే దానిలోని బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోయి, సున్నం మిగులుతుంది. మన పెద్దల కాలంలో ఇంటి గోడలకు పూసిన సున్నం ఇలా తయారైనదే. ఇదే క్రియ భూగర్భంలో, వాయువు తేలికగా బయటపడలేని చోట జరిగితే ఏమవుతుంది? పాఠకుల ముందు ఈ నెల మేము ఉంచదలచిన ప్రశ్న ఇది.

ఇండోనేషియాలోని జావా ద్వీపంలో మెరాపి అనే అగ్నిపర్వతం ఉంది. దాని అడుగున కరిగిన శిల, అనగా మాగ్మా, సున్నపురాయి పొరల గుండా పైకి వస్తుంది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన భూగర్భ శాస్త్రజ్ఞులు ఫ్రాన్సెస్ డీగన్, వాలెంటిన్ ట్రోల్, వారి సహచరులు మెరాపి శిలను, అక్కడి సున్నపురాయిని కలిపి అధిక పీడనంలో 1200 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేశారు. సున్నపురాయి మాగ్మాలో కరిగి వాయువు బుడగలు పుట్టడానికి కొద్ది నిమిషాలైనా పట్టలేదు. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి.

ఈ ఫలితం చిన్నది కాదు. మాగ్మా చిక్కగా ఉన్నచోట వాయువు లోపలే బంధింపబడి పీడనం పెరుగుతుంది. అంటే పర్వతం స్వభావం మనం ఊహించినదానికంటే వేగంగా మారగలదు; ప్రజలకు దొరికే వ్యవధి తగ్గగలదు.

అదే సంవత్సరం అక్టోబర్ 26న మెరాపి బద్దలైంది. భూప్రకంపనలను, పర్వతం ఉబ్బడాన్ని గమనించిన నిపుణులు ముందురోజే అత్యున్నత హెచ్చరిక ప్రకటించారు. పర్వత సంరక్షకుడిగా సుల్తాను నియమించిన వృద్ధుడు మరిజాన్ తన గ్రామం విడిచి వెళ్లక ప్రాణాలు కోల్పోయారు. నవంబర్ 5న మరింత పెద్ద విస్ఫోటం సంభవించింది. ప్రమాద పరిధిని అంచెలంచెలుగా 20 కిలోమీటర్లకు పెంచారు. మొత్తం 350 మందికి పైగా మరణించారు. అయితే సకాలంలో తరలించినందువల్ల పదివేల నుండి ఇరవైవేల ప్రాణాలు దక్కాయని శాస్త్రజ్ఞుల అంచనా.

ఆ వాలులపై నివసించేవారిలో అత్యధికులు ముస్లిం కుటుంబాలే. పశువులను, పంటను, పుట్టిన ఇంటిని వదలి లేవడం ఎంత కష్టమో మనం గ్రహించగలం. కదలక కూర్చోవడమే తవక్కుల్ అని భావించేవారు మనలోనూ ఉన్నారు. తెలిసినవారి మాట విని, పిల్లల చేయి పట్టుకొని సమయానికి గడప దాటడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని వారికి మృదువుగా చెప్పడం మన బాధ్యత.