స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

వకీలు లేకుండా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చన్న వ్యాసం సగం దారిలో ఆగింది. ఫిర్యాదుదారు స్వయంగా వాదించుకోవచ్చు, చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజూ లేదు. నిజమే.

చిక్కంతా కాగితాల కట్టతోనే. బిల్లు, వారంటీ కార్డు, అమ్మినవారికి పంపిన నోటీసు, దాని పోస్టల్ రసీదు తేదీల వరసలో పెట్టి, పేజీలకు అంకెలు వేయాలి. ఫిర్యాదులోని ప్రతి ఆరోపణ పక్కన ఆధారమున్న పేజీ అంకె ఉండాలి. కమిషన్ సభ్యులే వెతుక్కుంటారనుకోవడం అత్యాశ!

వాట్సాప్ స్క్రీన్‌షాట్ల సంగతి వేరు. అసలు ఫోనును కోర్టు ముందు పెట్టలేనప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఆ పత్రంపై నిపుణుడి సంతకమూ కావాలి. కమిషన్లు సివిల్ కోర్టంత పట్టుబట్టకపోవచ్చు. అయినా పాత ఫోను అమ్మేయకుండా ఉంచుకోవడం మేలు.

పైగా, ఫిర్యాదుకు రెండేళ్ల గడువుందన్న మాట వ్యాసంలో ఎక్కడా లేదు.

– ఒక పాఠకుడు, ఖమ్మం