విమానం మోతకి బెదరని కుక్కపిల్ల

శంషాబాద్ చుట్టుపక్కల కాపురం ఉండేవాళ్లకి 2008 నుంచీ విమానాల మోత అలవాటే. కొత్తగా ఇంటికొచ్చిన లాబ్రడార్ పిల్లకి మాత్రం కాదు కదా!

పుట్టిన 3వ వారం నుంచి సుమారు 14వ వారం దాకా కుక్కపిల్ల దేన్ని చూసినా, విన్నా ఇది మామూలే అనుకుంటుంది. ఆ వయసు దాటితే కొత్తదల్లా భయమే. భయపడిన కుక్కే కరుస్తుంది. టీకాలన్నీ అయ్యాకే బయటికి అని గేటు లోపలే ఉంచితే ఆ కాలం కాస్తా గడిచిపోతుంది. అలాగని వీధికుక్కలు తిరిగేచోట కింద వదలకండి, పార్వో జబ్బు ప్రాణం తీస్తుంది. చంకనెత్తుకుని సాయంత్రంపూట రోడ్డు దాకా తీసుకెళ్లండి. విమానం మోత వినబడగానే ఉడికించిన చికెన్ ముక్క చిన్నది నోటికందించండి. శాకాహారులైతే పనీర్ ముక్క. ఆటో, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్ర తాతగారు, కుక్కర్ విజిల్... అన్నిటికీ ఇదే పద్ధతి. వణికితే దూరం జరగండి గానీ బలవంతాన దగ్గరికి లాగొద్దు.

ఇంకో సంగతి. మీదికి ఎగిరితే ముద్దుగా ఉందని నవ్వుతాం. ఏడాది తిరిగేసరికి అదే 25, 30 కిలోలు తూగుతుంది; అత్తగారిని పడేయడానికి ఒక్క గెంతు చాలు! ఎగిరినప్పుడు పలకరించకుండా అటు తిరిగి నిలబడండి. నాలుగు కాళ్లూ నేలమీద ఆనించాకే నిమరండి. మీరు ఒద్దంటుంటే మావారో పిల్లలో ఎత్తుకుని ముద్దుచేస్తే మాత్రం అది ఎన్నటికీ నేర్చుకోదు.

అన్నట్టు, బహుమానం పేరు చెప్పి ఉల్లిపాయ వేసిన కూర, కిస్‌మిస్ పడిన పాయసం పెట్టకండి. రెండూ కుక్కలకి విషమే. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి.