పరదేశ వ్యాపారమునకు పర్మిట్లు

గత నెలలో ఒక వస్త్ర వ్యాపారి మన సంఘ కార్యాలయమునకు వచ్చి, కాగితముల కట్టనొకదానిని మా బల్లపై నుంచి, "దీనిని చదివి నాకు దారి చెప్పుడు" అని కోరిరి. వారిది బరంపురములో మూడు తరములుగా దుకాణము నడుపుచున్న కుటుంబము. కుమారుడు ఇంజనీరింగు ముగించినాడు. కెనడాలో సొంత కంపెనీ పెట్టవలెనని అతని కోరిక. ఒక పెద్ద నగరములోని ఏజెంటు 2025 వేసవిలో వారికి తటస్థపడి, మరి నలుగురితో కూర్చి అయిదుగురు భాగస్వాములతో ఒక కంపెనీని చూపి, దానిమీద వర్కు పర్మిట్టును, ఆ వెనుక శాశ్వత నివాసమును తప్పక వచ్చునని నమ్మబలికి, ఇల్లు తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్మును పుచ్చుకొనెను. దరఖాస్తు మాత్రము వేయలేదు. డిసెంబరు 19వ తేదీన కెనడా ప్రభుత్వము ఆ పథకమును నిలుపుచున్నట్లు ప్రకటించినది. ఆ యేటి ఆదరణ పత్రము చేతనున్నవారికి తప్ప తక్కినవారికి 31వ తేదీతో తలుపు మూతపడినది. ఏజెంటు ఇప్పుడు ఫోనైనను ఎత్తుట లేదు.

ఇట్టి కట్టలు మన పాఠకుల ఇండ్ల బీరువాలలో మరికొన్ని యుండవచ్చును. కావుననే ఈ వారము తక్కిన విషయములను ప్రక్కకుంచి ఈ సంగతి వ్రాయుచున్నాము.

కెనడా వారి స్టార్టప్ వీసా 2013లో ప్రయోగముగా మొదలై 2018లో స్థిరపడినది. ప్రభుత్వము గుర్తించిన సంస్థలలో ఒకటి అభ్యర్థి కంపెనీని ఆదరించుచున్నట్లు పత్రమీయవలెననుట దాని ముఖ్య షరతు. ఆ సంస్థ వెంచర్ క్యాపిటల్ నిధి యైనచో 2 లక్షల కెనడా డాలర్లు, ఏంజెల్ మదుపుదారుల బృందమైనచో 75 వేల డాలర్లు పెట్టుబడి పెట్టుటకు ఒప్పుకొనవలెను. ఇంక్యుబేటరు అను మూడవ రకపు సంస్థ మాత్రము కంపెనీని చేర్చుకొనిన చాలును, రొక్కము పెట్టనక్కర లేదు. ఏజెంట్లు ఈ మూడవ వాకిటి కడనే గుమిగూడుటలో వింత యేమున్నది? ఒక్క కంపెనీపై అయిదుగురి వరకు దరఖాస్తు చేయవచ్చును. కాని ఆ వ్యాపారమునకు అత్యవసరమైన వారని పత్రములో పేర్కొనబడిన వారిలో ఏ యొక్కరి దరఖాస్తు త్రోసివేయబడినను, మిగిలిన నలుగురివియు దానితోనే పోవును. మన వ్యాపారి కుమారుని భవిష్యత్తు ముక్కు మొగము ఎరుగని నలుగురి చేతిలో నున్నదన్నమాట. దుకాణములో రూపాయికి పావలా వాటా ఇచ్చుటకైనను ఎదుటివాని తాతగారి లెక్కల పుస్తకము దాక విచారించు మనము, ఈ విషయమున ఆ నలుగురి పేర్లైనను సరిగా అడుగమైతిమి! 2024లోనే ఒక్కొక్క సంస్థ యేడాదికి పది కంపెనీలకు మించి ఆదరింపరాదని ఆ ప్రభుత్వము కట్టడి చేసెను. దరఖాస్తులు యేండ్ల తరబడి పేరుకొనియున్నందుననే ఆ కట్టడి వచ్చినది. ఆనాడే జాగ్రత్తపడవలసినది.

కెనడా మూతపడగానే ఏజెంట్లు బ్రిటనును చూపుచున్నారు. అచ్చట 2023 ఏప్రిలు 13 నుండి ఇన్నొవేటర్ ఫౌండర్ అను వీసా నడచుచున్నది. అంతకుముందున్న వీసాకు 50 వేల పౌండ్ల మూలధనము చూపవలసియుండెను. ఇప్పుడా నియమము తీసివేయబడినది. ఏజెంట్లు ఈ ఒక్క వాక్యమునే దండోరా వేయుచున్నారు. తక్కిన వాక్యములను మేము చెప్పెదము. వ్యాపార యోచన కొత్తది కావలెను, సొంతది కావలెను, నిలదొక్కుకొని విస్తరింపగలది కావలెను. ఇదివరకే నడుచుచున్న వ్యాపారములో చేరుట చెల్లదు. కావున లెస్టరులోని మేనమామ దుకాణములో వాటా తీసికొనెదమన్నచో పర్మిట్టు రాదు. ప్రభుత్వము పేర్కొన్న సంస్థలే యోచనను పరిశీలించి ఆమోద పత్రమీయవలెను. ఆ పరిశీలనకు 1,000 పౌండ్లు. తరువాత కనీసము రెండుమార్లు ఆ సంస్థ యెదుట హాజరై లెక్క చెప్పవలెను, మారుకు 500 పౌండ్లు. వీసా రుసుము, ఆరోగ్యపు సుంకము వేరు. ఆంగ్ల పరీక్ష సరేసరి. గడువు మూడేండ్లు. ఆలోపున వ్యాపారము పెరిగినట్లు రుజువైననే స్థిర నివాసమునకు దారి యేర్పడును.

సింగపూరు వారి ఎంట్రిపాసు 2003 నుండి యున్నది. మొదటి పాసు ఒక్క యేడాదికే. పొడిగింపునకు ఎంత ఖర్చుపెట్టితిరి, స్థానికులకెన్ని ఉద్యోగములిచ్చితిరి అని అడుగుదురు. అన్నిటికంటె మనవారు చదువవలసినది, ఆ పాసు వర్తింపని వ్యాపారముల పట్టిక. కాఫీ హోటళ్లు, తిండి అంగళ్లు, మర్దన శాలలు, ఉద్యోగములు కుదుర్చు ఏజెన్సీలు అందులో గలవు. అనగా ఇడ్లీ హోటలు పెట్టించెదనని మాట యిచ్చినవాడు ఆ పట్టికను చదువనైనను లేదు, లేక చదివి దాచినాడు. అమెరికాలో ఒప్పందపు మదుపుదారులకిచ్చు ఇ-2 వీసా భారత పౌరులకు లభింపదు; మన దేశమునకు ఆ ఒప్పందము లేదు.

ఈ చట్టములన్నియు కొత్త యంత్రమునో, కొత్త యుక్తినో తెచ్చువానిని పిలుచుచున్నవి. అరువు ఎవరికీయవచ్చునో, ఏ పండుగకు ఏ సరుకు తెప్పింపవలెనో ఎరిగిన దుకాణదారుని విద్య వారి లెక్కలో విద్య కాదు. జీవితములో ఒక్క గజము గుడ్డయైనను అమ్మియెరుగని అధికారి వ్యాపార యోచనకు మార్కులు వేయుట మాకు వింతగనే తోచుచున్నది. అయినను వారి వాకిలి వారిది. ఎవరిని రానీయవలెనో వారే నిర్ణయింతురు.

మనకీ పర్మిట్ల చదువు అలవాటు లేకపోవుటకు కారణము గలదు. 1936 ఏప్రిలు 1వ తేదీన గంజాము ఒరిస్సాలో చేరినపుడు మన పెద్దలు ఇల్లు కదలకయే వేరొక రాష్ట్రపువారైరి; వారి వ్యాపారములకు అనుమతి పత్రమేదియు కావలసిరాలేదు. దేశములో ఎచ్చటనైనను నివసించుటకు, వృత్తి వ్యాపారములు సాగించుటకు రాజ్యాంగపు 19వ అధికరణము మనకు హక్కునిచ్చినది. గోపాలపురము రేవున స్టీమరెక్కి రంగూనునకు పోయిన నాటివారికి సైతము పర్మిట్టు మాట తెలియదు. 1937 వరకు బర్మా హిందూ దేశములో ఒక భాగమే. ఆ వెనుక ఏమైనది? 1964లో అచ్చటి సైనిక ప్రభుత్వము దుకాణములను స్వాధీనము చేసికొనినది. ఆ యేడాది మే నెలలోనే 50, 100 నోట్లు చెల్లవని ప్రకటించినది. రెండు తరముల సంపాదనను వదలి మన తీరపు జిల్లాలకు తిరిగివచ్చినవారి మనుమలు నేడును మన నడుమ నున్నారు. వ్యాపారము చేసికొనుటకు అనుమతి వేరు, ఆ నేలపై నిలుచుటకు హక్కు వేరు అని వారిని అడిగిన చెప్పుదురు.

సొమ్ము పంపు విషయము కూడ చెప్పవలసియున్నది. రిజర్వు బ్యాంకు పథకము క్రింద ఒక్కొక్క వ్యక్తి ఆర్థిక సంవత్సరమునకు రెండున్నర లక్షల అమెరికా డాలర్ల వరకు విదేశములకు పంపవచ్చును. ఈ సదుపాయము వ్యక్తులకే. ఉమ్మడి హిందూ కుటుంబపు ఖాతానుండి గాని, భాగస్వామ్య దుకాణపు ఖాతానుండి గాని దీనిక్రింద పంపరాదు. మన ఇండ్లలో దుకాణపు పెట్టెయు, ఇంటి పెట్టెయు ఒకటే గనుక ఈ మాటను నొక్కి చెప్పుచున్నాము. ఇట్టి పంపకము 10 లక్షల రూపాయలు దాటినచో, దాటిన మొత్తముపై బ్యాంకు నూటికి 20 చొప్పున పన్ను ముందుగనే వసూలు చేయును. అది తరువాత ఆదాయపు పన్నులో జమపడునుగాని అంతవరకు ఆ రొక్కము చేతికి రాదు. విదేశీ కంపెనీలో వాటా కొనునపుడు 2022 నాటి నియమముల ప్రకారము బ్యాంకు ద్వారా నమూనా పత్రము దాఖలుచేసి సంఖ్య పొందవలెను. ఏజెంటు తన సొంత ఖాతాకు సొమ్ము వేయుమన్నచో ఇవన్నియు తప్పిపోవును. దోషము మాత్రము పంపినవానిపై బడును.

యువకులను ఆపుట మా యుద్దేశము గాదు. నిజముగా కొత్త యుక్తి గలవాడు పోవలెను; ఇల్లు కుదువబెట్టక పోవలెను. ఏజెంటును నమ్ముటకు ముందు అతని పేరు వెదకవలెను. కెనడా విషయమున సలహా చెప్పి రుసుము పుచ్చుకొనుటకు అధికారము గల కన్సల్టెంట్ల పట్టికను వారి కళాశాల యను నియంత్రణ సంస్థ అందరికి కనబడునట్లుంచినది. బ్రిటను ఆమోద సంస్థల పేర్లును ఆ ప్రభుత్వమే ప్రకటించుచున్నది.

మా వద్దకు వచ్చిన వ్యాపారి చేత రసీదులు, బ్యాంకు చలానాలు, ఏజెంటు పంపిన సందేశముల నకళ్లు ఉన్నవి. 2019 నాటి వినియోగదారుల చట్టము ప్రకారము ఫిర్యాదిదారు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. ఏజెంటు ఊరికి పరుగెత్తనక్కర లేదు. గడువు రెండేండ్లు. మన సంఘ కోశాధికారి ఆయనకు తోడుగా వెళ్లి బరంపురము జిల్లా కమిషనులో కాగితములు దాఖలు చేయుటకు ఏర్పాటైనది. ఇట్టి కట్టలు గలవారు సిగ్గుపడక, ఆదివారము సాయంకాలము 5 గంటలకు కార్యాలయమునకు తీసికొని రావలెను. అసలు కాగితములు ఇంటనుంచి, నకళ్లు మాత్రమే తేవలెను.