నీటిలోని లెక్క

గణితమునకొక గంట, జీవశాస్త్రమునకొక గంట, భాషకొక గంట. పాఠశాలలో శాస్త్రములను ఇట్లు విభజించుట బోధనకు సౌకర్యమే. కాని వ్యాధికి ఈ కాలపట్టికతో పని లేదు. నల్లగొండ, మహబూబునగరము జిల్లాల మెట్టపల్లెలలో ఎందరి నడుములనో వంచిన ఫ్లోరోసిస్ ఇందుకు నిదర్శనము.

ఈ ప్రాంతపు నేల క్రింద ఉన్నది గ్రానైటు రాయి. రాతి పగుళ్లలో నిలిచిన నీటిలోనికి రాతియందలి ఫ్లోరైడు కరగి చేరును. నీరు మాత్రము తేటగానే యుండును. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును.

ఇక శరీరమునందు అది చేయు పని యేమి? ఎముకలోని కాల్షియముతో ఫ్లోరైడు సులభముగా కలియును. బాల్యమున పండ్లు రూపొందు దశలో మితిమీరి చేరినచో పండ్లపై మాయని మచ్చలు పడును. ఏండ్ల తరబడి చేరినచో వెన్నెముక బిగియును, కీళ్లను పట్టియుంచు బంధనములు సైతము ఎముకవలె గట్టిపడును. అదే నీరు త్రాగిన ఎద్దునకు పండ్లు అరుగును, కాళ్లు కుంటువడును. పశువైద్యుడును మనుష్యవైద్యుడును చదువవలసిన పాఠము ఒక్కటే.

ఆ పాఠమును చదివినవారు లేకపోలేదు. 1937లో నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి షార్టు, పండిట్, రాఘవాచారి ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలోని దానిని గూర్చి సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడెను. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుట కూడ ఈ వ్యాధి లక్షణమేయని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో తెలిపిరి. జొన్నలు ముఖ్యాహారమైనవారి శరీరములో ఫ్లోరైడు ఎంత నిలుచునో కూడ ఆ సంస్థలో పరిశీలింపబడెను. పటిక, సున్నము కలిపి నీటిని తేర్చి ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరులోని నీరీ సంస్థ 1970ల దశాబ్దమున రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతియని పేరు పెట్టెను.

వీటినన్నిటిని కలుపు సూత్రము గణితము. లీటరు నీటిలో 1.5 మిల్లిగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ హద్దులోని నీటిని దినమునకు రెండు లీటర్లు త్రాగినచో శరీరమునకు చేరునది 3 మిల్లిగ్రాములు. ఎండలో నాగలి పట్టువాడు అదే నీటిని ఐదు లీటర్లు త్రాగినచో చేరునది 7.5. హద్దు ఒక్కటే, అది నీడపట్టున కూర్చున్నవానికి ఇచ్చు రక్షణ కూలివానికి ఈయలేదు. ఈ గుణకారమునకు ఐదవ తరగతి లెక్కలు చాలును.

కాగా తెలియుట వేరు, తీరుట వేరు. ఇంటింటికి శుద్ధజలమందించు మిషన్ భగీరథ 2016లో ప్రారంభమయ్యెను. 1955 నాటి వ్యాసమునకును దానికిని నడుమ అరువది యొక్క సంవత్సరములు. ఆ నడుమ కొన్ని యూళ్లకు కృష్ణాజలము చేరినను, అనేక గ్రామముల పిల్లలు బోరునీటితోనే పెరిగిరి. గట్టిపడిన వెన్నెముకను నదీజలము మరల వంచలేదు. రేపటి బిడ్డ ఎముకను మాత్రము కాపాడగలదు. నేటికిని పొలముల బోర్లలో ఆ పాత నీరే ఉన్నది. దప్పిగొన్నవాడు దానినే త్రాగును.

కావున ఈ జిల్లాల ఉపాధ్యాయులు చేయదగిన కార్యమొకటి కలదు. ఊరి బోరునీటిని పరీక్ష చేయించి వచ్చిన సంఖ్యను నల్లబల్లపై వ్రాయవలెను. లెక్కల పంతులు దానిని గుణింపజేయవలెను. జీవశాస్త్రోపాధ్యాయుడు ఎముకలో దాని గతి చెప్పవలెను. తెలుగు పంతులు ఆ ఫలితమును ఊరివారికి తెలియు మాటలలో పిల్లలచే వ్రాయింపవలెను. పరిశోధన పత్రికలలో నిలిచిపోయిన విద్య పొలముగట్టు చేరుటకు ఇంతకంటె దగ్గరి దారి లేదు.