తప్పు తేలకముందే ఒప్పేసుకోవాలా?

పొద్దున ఎనిమిదింటికి మన గోదావరి జిల్లాల్లో ఏ కాలవగట్టు మీద నుంచున్నా తెలుస్తుంది, ఎంతమంది ఆడవాళ్లు బండి మీద డ్యూటీకి వెళ్తున్నారో. ఏఎన్‌ఎంలు, టీచరమ్మలు, ఇంటింటికీ సరుకులు అందించే అమ్మాయిలు... ఒకపక్క కాలవ, ఇంకోపక్క ఆరబోసిన ధాన్యం, ఎదురుగా కొబ్బరికాయల లారీ. ఆ రోడ్డు మీద ఏదైనా జరిగితే ముందు వినపడే మాట "ఆడవాళ్లకి బండెందుకు?" అని. రెండో మాట ఇంకా ప్రమాదం: "ఒప్పేసుకుని ఫైను కట్టెయ్యమ్మా, పీడా పోతుంది!"

పీడ పోదండీ! 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ 279 బదులు భారతీయ న్యాయ సంహిత 281 వచ్చింది. నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనిషి ప్రాణం పోతే 106 కింద ఐదేళ్ల దాకా శిక్ష. ఒప్పుకుంటే వెయ్యితో సరిపోవచ్చు. కానీ నేరస్థురాలన్న తీర్పు కాగితం మిగిలిపోతుంది. రేపు ఉద్యోగంలోనో, నష్టపరిహారం కేసులోనో అదే ఎదురొస్తుంది.

గాయపడ్డవాళ్లకి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోగా పోలీసులకి తెలపడం మోటారు వాహనాల చట్టం 134 ప్రకారం మన బాధ్యత. అందులో వెనకడుగు వద్దు. అయితే సాయం చెయ్యడం వేరు, తప్పంతా నాదేనని రాసివ్వడం వేరు. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకోకూడదని చట్టమే చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి. రోడ్డు మీద ధాన్యం ఎంతమేర ఉందో, బ్రేకు గుర్తులు ఎక్కడున్నాయో వెంటనే ఫొటోలు తీయించండి. సాయంత్రానికి ధాన్యం ఎత్తేస్తారు, సాక్ష్యమూ పోతుంది! స్పీడుగా వెళ్లినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని 1998లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

లాయరు ఫీజుకి భయమా? 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. రాజమండ్రిలో, ఏలూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి. 15100కి ఫోన్ చేసినా చాలు.

ఇక పంపించినవాళ్ల మాటేమిటి? పూటలో ఇన్ని ఊళ్లు తిరగాలని చార్టు ఇచ్చేది వాళ్లు. కేసు రాగానే "మాకు సంబంధం లేదు" అనేదీ వాళ్లే! ఆ చార్టు, ఆ ఫోన్ మెసేజీలు జాగ్రత్త చేసుకోండి. డ్యూటీలోనే ఉన్నారనడానికి అవే ఆధారం.

నిజంగా మన తప్పుంటే ఒప్పుకోవాల్సిందే, కాదనను. కానీ అది లాయరుతో మాట్లాడాక కోర్టులో చెప్పాల్సిన మాట. నడిరోడ్డు మీద నలుగురూ కేకలేస్తుంటే వణికిపోతూ చెప్పే మాట కాదు.