మొసళ్ళ దరియాలో మన బాసీ ఈద్

బాసీ ఈద్ నాడు మా బసంత్‌నగర్‌లో ప్రతి ఇంట్లో ఒకటే బహస్: పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలి? లక్నవరం దూరం, ఎల్లంపల్లి దగ్గర. ఈసారి మా చిన్నోడు కొత్త ఫర్మాయిష్ పెట్టాడు. “అబ్బా, శివారంలో మొసళ్ళున్నాయట కదా, అక్కడ స్పీడు బోటు ఎందుకు పెట్టరు?”

షీర్ ఖుర్మా కప్పు చేతిలో ఉండగానే వాడికి వద్దని చెప్పేశాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

మంథని దగ్గర గోదావరి ఒడ్డున శివారం అభయారణ్యం ఉంది. టేకు చెట్లు, కొండముచ్చులు, నదిలో మగ్గర్ మొసళ్ళు. బొగ్గు గనులు, కరెంటు పొగగొట్టాలు, సిమెంటు దుమ్ము మధ్య బతికే మనకు ఇంత దగ్గర్లో ఇలాంటి ఖుదరత్ మిగలడమే గనీమత్. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మొసలికి అత్యున్నత రక్షణ ఉంది. అభయారణ్యంలోకి సైర్‌కు వెళ్ళాలన్నా అటవీ శాఖ ఇజాజత్ ఉండాలి.

మొసలికి నీళ్ళొక్కటే చాలవు, పొడి ఇసుక కూడా కావాలి. ఎండాకాలం మొదట్లో ఆడ మొసలి ఒడ్డున ఇసుకలో గుంత తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెడుతుంది. పొదగడానికి సుమారు రెండు నెలలు. ఆ గుంతలోని వేడిని బట్టే పిల్ల ఆడదో మగదో తేలుతుంది. 2019లో కాళేశ్వరం బ్యారేజీలు వచ్చాక మన గోదావరి చాలాచోట్ల నది పోయి చెరువైంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక పైన అన్నారం, సుందిళ్ళ కూడా ఖాళీ చేశారు; ఇసుక మళ్ళీ బయటపడింది. రైతుకు నుక్సాన్ అయినదే మొసలికి మౌకా అయిందేమో! కానీ ఇసుక తేలితే లారీలు కూడా వస్తాయి, ఆ ఫికర్ వేరే.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఓకిఫెనోకీ అని పెద్ద చిత్తడి అడవి ఉంది. 1937 నుంచి రక్షిత ప్రాంతం, సుమారు 4 లక్షల ఎకరాలు. మన మొసలికి చుట్టం వరసయ్యే ఆలిగేటర్లు అందులో వేలాదిగా ఉన్నాయి. అయినా జనం సన్నటి కెనూ పడవల్లో తెడ్డు వేసుకుంటూ తిరుగుతారు. రాత్రి ఉండే చెక్క అరుగు మీద ఒక్క బృందానికే చోటు, ముందే పేరు రాయించుకోవాలి. మోటారుకు అనుమతి ఉన్నచోట కూడా 10 హార్స్‌పవర్ దాటకూడదు. దాని అంచున టైటానియం గని తవ్వాలని ఒక కంపెనీ ఏళ్ళ తరబడి కోశిష్ చేసింది. 2025లో ఒక పరిరక్షణ సంస్థ ఆ జమీన్ కొనేసింది. గనుల బెల్టులో ఉండే మనం ఈ మాట రెండుసార్లు చదవాలి.

అలాగని ఆ కెనూను తెచ్చి శివారంలో దించుదామంటే నేను ఒప్పుకోను. ఆలిగేటర్ కంటే మన మగ్గర్ మనిషికి ఎక్కువ ప్రమాదం. ఎండాకాలం నది మడుగులుగా కుదించుకుపోతుంది, పడవకూ మొసలికీ ఎడం ఉండదు. నా రాయ్ ఏమిటంటే, తెడ్డు పడవలు ఎల్లంపల్లి జలాశయంలో, ఒక హద్దు గీసి, రోజుకు ఇన్నే అని లెక్క పెట్టి నడపాలి. వాటిని నడిపే పని ఒడ్డున తరాలుగా వల వేస్తున్న వాళ్ళకే ఇవ్వాలి. ఆ నీటి మిజాజ్ వాళ్ళకే తెలుసు. డీజిల్ మోటారు వద్దు. హైదరాబాద్‌లో మీ ఖాలా ఇంటి నల్లాలో వచ్చే గోదావరి నీళ్ళు ఇక్కడివే. శివారంలో మాత్రం ఒడ్డున మంచె, చేతిలో దుర్బీన్ చాలు. గుడ్ల కాలంలో అదీ బంద్ చేయాలి.

టికెట్ ఎక్కువవుతుంది, గరీబు పిల్లలు చూడలేరు అంటారా? వాజిబ్ సవాలే. వారంలో ఒక రోజు బడి పిల్లలకు ముఫ్త్‌గా ఉంచాలి.

ఇక మన సంగతి. ఒడ్డున బిర్యానీ తిని బొక్కలు, థర్మాకోల్ ప్లేట్లు అక్కడే వదిలి వస్తాం. బొక్కల కోసం కుక్కలు వస్తాయి. వచ్చిన కుక్క బొక్కలతో ఆగదు, ఇసుక తవ్వి గుడ్లు తింటుంది. సర్కారు ఇంతెజామ్ బాగాలేదని తిట్టే ముందు నాకు నా దేగిసా గుర్తొచ్చింది, షరం అనిపించింది.

ఇదంతా చిన్నోడికి చెప్పాను. మొత్తం విని, “అయితే దుర్బీన్ కొనిస్తావా?” అన్నాడు. వచ్చే ఈదీలో కొనిస్తానని వాదా చేశాను. వాళ్ళ అమ్మీ స్టీలు టిఫిన్ డబ్బాలు అటక మీది నుంచి దించింది.